ఎక్స్‌ప్లోడింగ్ కిట్టెన్స్: ముక్కలు పంచడం నుంచి చివరి ఇద్దరి దాకా

ఎక్స్‌ప్లోడింగ్ కిట్టెన్స్ పావుగంట ఆట. కట్టలోంచి తలా ఒక ముక్క తీస్తూ పోతారు. పేలే పిల్లి వచ్చినవాళ్లు ఔట్. చివరికి మిగిలిన ఒక్కరు గెలిచినట్టు. రూలు ఇంత చిన్నది కావడం వల్ల చాలామంది దీన్ని ఉత్త అదృష్టం ఆట అనుకుంటారు. చేతికొచ్చిన ముక్క చేతికొచ్చినట్టు వేసేసి, పేలిపోయి లేచిపోతారు. కానీ కట్టలో ఎన్ని ముక్కలున్నాయో, అందులో ఎన్ని పిల్లులున్నాయో ఏ క్షణంలోనైనా ఖాయంగా చెప్పొచ్చు. ఆ లెక్క వేసేవాళ్లూ వేయనివాళ్లూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటే తేడా నాలుగైదు ఆటల్లోనే బయటపడుతుంది. అందుకే ఇక్కడ రూల్స్‌తో పాటు లెక్క కూడా చెబుతున్నాం.

దీన్ని తయారుచేసింది అమెరికాలో ఎలాన్ లీ, షేన్ స్మాల్, మాథ్యూ ఇన్‌మన్. బొమ్మలు ఇన్‌మన్‌వి. 2015 మొదట్లో, జనం నుంచి చందాలు పోగుచేసే వెబ్‌సైట్ కిక్‌స్టార్టర్‌లో పదివేల డాలర్లు అడిగితే 2,19,382 మంది కలిసి 87 లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. పెట్టె మీద ఏడేళ్లు దాటినవాళ్లకని, ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఆడొచ్చని ఉంటుంది. రెండూ నిజమే. కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త: పేరు పక్కన ఎన్‌ఎస్‌ఎఫ్‌డబ్ల్యూ అని ఉంటే అది పెద్దలకు మాత్రమే. ఆట అదే, బొమ్మలూ మాటలూ మాత్రం పిల్లల ముందు పెట్టేవి కావు.

పెట్టెలో ఏముంటుంది

మొత్తం 56 ముక్కలు. పేలే పిల్లులు 4. వాటికి విరుగుడు డిఫ్యూజ్ 6. అటాక్ 4, స్కిప్ 4, ఫేవర్ 4, షఫుల్ 4, సీ ద ఫ్యూచర్ 5, నోప్ 5. మిగతా 20 మామూలు పిల్లులు, ఐదు రకాలు, రకానికి నాలుగు: టాకో పిల్లి, పుచ్చకాయ పిల్లి, బంగాళదుంప పిల్లి, గడ్డం పిల్లి, ఇంద్రధనుస్సు కక్కే పిల్లి. ఈ ఇరవైకీ విడిగా ఏ పనీ లేదు, జతపడితేనే విలువ. ఆడటం మొదలుపెట్టే ముందు ఒకసారి అన్నీ లెక్కపెట్టుకోండి. ఒక్క డిఫ్యూజ్ సోఫా కిందికి పోయినా కింద చెప్పే లెక్కలన్నీ తప్పుతాయి.

పంచే వరస

ఎక్కువ గొడవలు ఇక్కడే మొదలవుతాయి, కారణం వరస తప్పడమే.

ముందు కట్టలోంచి నాలుగు పేలే పిల్లుల్నీ ఆరు డిఫ్యూజ్‌లనూ తీసి పక్కన పెట్టండి. మిగిలిన 46 ముక్కల్ని బాగా కలిపి ఒక్కొక్కరికి ఏడేసి బోర్లా పంచండి. ఆ తర్వాత తలా ఒక డిఫ్యూజ్ ఇవ్వండి. అంటే చేతిలో ఎనిమిది ముక్కలు, అందులో ఒకటి తప్పకుండా డిఫ్యూజ్. తొలి రోజుల పెట్టెల్లో నాలుగు ముక్కలు, ఒక డిఫ్యూజ్ పంచమని ఉంటుంది. మీ పెట్టెలో కాగితం ఏది చెబితే అది ఆడండి, ఆట మధ్యలో మాత్రం మార్చకండి.

ఇప్పుడు పిల్లుల సంగతి. ఎంతమంది ఆడుతున్నారో అంతకంటే ఒకటి తక్కువ పిల్లుల్ని కట్టలో కలపాలి. నలుగురైతే మూడు, ఐదుగురైతే నాలుగు. మిగిలిన పిల్లి పెట్టెలోకి పోతుంది. మిగిలిన డిఫ్యూజ్‌లు కూడా కట్టలోకే. ఇద్దరే ఆడుతుంటే నాలుగు డిఫ్యూజ్‌లు మిగులుతాయి, వాటిలో రెండే కలపాలి. నాలుగూ కలిపితే ఆట తెమలదు. అన్నీ కలిపాక కట్టను గట్టిగా కలిపి మధ్యలో బోర్లా పెట్టండి. అది ఇప్పుడు ఇలా ఉంటుంది:

ఇద్దరికి: 35 ముక్కలు, అందులో 1 పిల్లి
ముగ్గురికి: 30 ముక్కలు, 2 పిల్లులు
నలుగురికి: 23 ముక్కలు, 3 పిల్లులు
ఐదుగురికి: 16 ముక్కలు, 4 పిల్లులు

మీ కట్ట ఈ సంఖ్యకు సరిపోకపోతే పంచడంలో ఎక్కడో పొరపాటు జరిగినట్టే, మళ్లీ మొదలుపెట్టడం మంచిది. తరచుగా జరిగే పొరపాటు పిల్లుల్ని తీయకుండానే పంచేయడం. ఎవరి చేతికో పిల్లి వచ్చి, వాళ్లు ముఖం అలా పెట్టగానే అందరికీ తెలిసిపోతుంది. రెండోది, చివర్లో పిల్లుల్ని కట్ట మధ్యలో దోపేసి పైపైన రెండుసార్లు కలపడం. మూడు పిల్లులూ ఒకచోటే ఉండిపోతాయి, మొదటి పది ముక్కలు ఏ భయమూ లేకుండా గడిచి తర్వాత వరసగా ముగ్గురికి పిల్లులు తగులుతాయి.

వంతులో ఏం చేయాలి

రమ్మీ అలవాటున్నవాళ్లు ఇక్కడ జాగ్రత్త. రమ్మీలో ముందు ముక్క తీసి తర్వాత పడేస్తాం. ఇందులో వరస తిరగబడుతుంది. ముందు వేయాల్సినవి వేయాలి, ఎన్నైనా వేయొచ్చు, అసలు వేయకపోయినా ఫరవాలేదు. చివర్లో కట్టలోంచి ఒక ముక్క తీయాలి. తీయగానే వంతు అయిపోయింది. అలవాటు కొద్దీ ముందే చేయి కట్ట మీదికి పోతే, చేతిలో అటాకూ స్కిప్పూ ఉండి కూడా పేలిపోతారు. తీసిన ముక్కను వెనక్కి పెట్టడం కుదరదు.

చేతిలో ఇన్నే ఉండాలన్న హద్దు లేదు. చేతిలో ఏమీ లేకపోయినా వంతు వస్తుంది, తీయాల్సిందే. పడేసిన ముక్కల్ని మళ్లీ కలిపి కట్ట చేయడం అనేది ఈ ఆటలో లేదు, అవసరమూ రాదు. కట్ట అయిపోయేలోపే ఒక్కరు తప్ప అందరూ పేలి తీరతారు.

ముక్కలు, వాటి మీద వచ్చే గొడవలు

స్కిప్ వేస్తే ముక్క తీయకుండానే వంతు ముగుస్తుంది. అటాక్ వేస్తే మీ వంతు ముగిసి, పక్కవాళ్లు వరసగా రెండు వంతులు ఆడాలి. రెండు వంతులంటే రెండుసార్లు ముక్క తీయాలి. అటాక్ పడినవాళ్లు స్కిప్ వేస్తే రెండింటిలో ఒకటే పోతుంది, ఇంకోటి మిగిలే ఉంటుంది. స్కిప్ వేసేసి కట్ట పక్కవాళ్లకు జరిపేవాళ్లు చాలామంది.

అటాక్ పడినవాళ్లు తిరిగి అటాక్ వేస్తే ఏమవుతుందన్నది కూడా పెట్టెను బట్టి ఉంటుంది. పాత కాగితం ప్రకారం తర్వాతివాళ్లకు రెండు వంతులే. కొత్త కాగితం ప్రకారం మిగిలిన వంతులకు రెండు కలుస్తాయి. మీ మీద రెండు వంతులు పడ్డాయి, ఇంకా ఏదీ ఆడలేదు, అప్పుడు అటాక్ వేస్తే పక్కవాళ్లకు నాలుగు. ఒకటి ఆడేసి రెండోదానిలో వేస్తే మూడు. మా సలహా కొత్త పద్ధతే. అటాక్‌కు బరువు వస్తుంది, దాచుకోవడంలో అర్థం ఉంటుంది.

సీ ద ఫ్యూచర్ అంటే కట్ట మీది మూడు ముక్కల్ని మీరొక్కరే చూసి, అదే వరసలో తిరిగి పెట్టడం. వరస మార్చకూడదు. మూడింటినీ ఒక్కసారే ఎత్తి విసనకర్రలా విప్పితే తిరిగి మూసేటప్పుడు వరస తారుమారవుతుంది. పైది కొంచెం పక్కకు జరిపి కింద ఉన్నది చూడటం అలవాటు చేసుకోండి. షఫుల్ వేస్తే ఇక చాలు అని మీ తర్వాతివాళ్లు అనేదాకా కట్ట కలపాలి. ఫేవర్ వేస్తే మీరు చూపించినవాళ్లు ఒక ముక్క ఇవ్వాలి, ఏది ఇవ్వాలన్నది వాళ్లిష్టం.

ఒకే రకం పిల్లులు రెండు కలిపి వేస్తే ఎవరి చేతిలోంచైనా చూడకుండా ఒక ముక్క లాగొచ్చు. మొదటి రెండు మూడు ఆటలు ఇంతవరకే ఆడండి. చేయి తిరిగాక మిగతావి కలపండి: ఒకేలాంటి ముక్కలు ఏవైనా రెండు చాలు, పిల్లులే కానక్కర్లేదు. ఒకేలాంటివి మూడు వేస్తే ముక్క పేరు చెప్పి అడగొచ్చు, వాళ్ల దగ్గర ఉంటే ఇవ్వాలి, లేకపోతే మీ మూడూ దండగ. వేరువేరు ముక్కలు ఐదు వేస్తే పడేసిన కుప్పలోంచి కావాల్సినది ఒకటి తీసుకోవచ్చు. జతగా వేసినప్పుడు ఆ ముక్కల మీద రాసిన పని జరగదు. రెండు షఫుల్‌లు జతగా వేస్తే కట్ట కలపరు, ముక్క లాగుతారు.

నోప్ విషయానికొస్తే, ఎవరు ఏం వేసినా, మీ వంతు కాకపోయినా, దాన్ని రద్దు చేసే ముక్క ఇది. పేలే పిల్లినీ డిఫ్యూజ్‌నీ మాత్రం ఆపలేదు. నోప్ మీద ఇంకో నోప్ పడితే అసలు వేసిన ముక్క చెల్లుతుంది. బేసి సంఖ్యలో పడితే రద్దు, సరి సంఖ్యలో పడితే పని జరుగుతుంది. రద్దయిన ముక్కలు వేసినవాళ్లకు తిరిగి రావు. గొడవంతా ఎప్పటిదాకా నోప్ వేయొచ్చన్న దగ్గర. పని మొదలుకాక ముందే వేయాలి. మూడు ముక్కలూ చూసేశాక సీ ద ఫ్యూచర్‌కు నోప్ లేదు. బల్ల దగ్గర ఒక పద్ధతి పెట్టుకోండి: ముక్క వేసినవాళ్లు దాని పేరు పైకి చెప్పి, మనసులో రెండు అంకెలు లెక్కపెట్టి, అప్పుడు చేయి కదపాలి. చేతివేగం ఎక్కువున్నవాళ్లు నోప్ తప్పించుకోకుండా ఇది ఆపుతుంది.

పిల్లి వచ్చినప్పుడు

పేలే పిల్లి తీస్తే వెంటనే అందరికీ చూపించాలి. డిఫ్యూజ్ లేకపోతే ఔట్. ఆ పిల్లి కూడా వాళ్లతోపాటే ఆటలోంచి పోతుంది. చేతి ముక్కలు బోర్లా పక్కన పెట్టేయాలి. డిఫ్యూజ్ ఉంటే దాన్ని పడేసి, పిల్లిని కట్టలో మీకు నచ్చిన చోట, ఎవరికీ తెలియకుండా పెట్టాలి. మిగతా ముక్కల వరస కదపకూడదు. దాంతో ఆ వంతు అయిపోయింది.

ఈ దాచడం దగ్గరే ఆట రుచంతా ఉంది, తొందరపడేవాళ్లు దీన్నే పాడుచేసుకుంటారు. కట్టను రెండు చేతులతో బల్ల కిందికి తీసుకుని వేళ్లతో పైనుంచి లెక్కపెట్టండి. బల్ల మీదే దోపితే ఎదుటివాళ్లకు కట్ట ఎక్కడ చీలిందో ఇట్టే కనబడుతుంది. పైన పెట్టినా అడుగున పెట్టినా ఒకేలా సమయం తీసుకోండి. రెండు క్షణాల్లో కట్ట బల్ల మీదికి వచ్చేస్తే పైనే పెట్టారని పక్కవాళ్లు ఊహించేస్తారు.

ఎక్కడ పెట్టాలి? మీ తర్వాత కూర్చున్నవాళ్లు కట్ట మీది మొదటి ముక్క తీస్తారు, వాళ్ల తర్వాతివాళ్లు రెండోది. అంటే ముగ్గురు బతికుంటే మూడోది, ఆరోది, తొమ్మిదోది మీకే వస్తాయి. నలుగురైతే నాలుగోది, ఎనిమిదోది. ఆ స్థానాలు వదిలేసి మిగతా ఎక్కడైనా పెట్టండి. మధ్యలో ఎవరైనా స్కిప్, అటాక్ వేస్తే లెక్క జరుగుతుంది కాబట్టి లోతుగా పెట్టేకొద్దీ నమ్మకం తగ్గుతుంది. ఒకటో స్థానం, రెండో స్థానం మాత్రం చాలావరకు మీరనుకున్నవాళ్లకే తగులుతాయి. పక్కవాళ్ల దగ్గర డిఫ్యూజ్ అయిపోయిందని తెలిస్తే నేరుగా పైన పెట్టండి. వాళ్లు అనుమానపడి షఫుల్ వేస్తే వేయనివ్వండి, ఒక ముక్క ఖర్చయింది కదా. పిల్లిని అడుగున పెట్టడం ఎవరికీ తగలని పని. ఇంకా పదిహేను ముక్కల కట్ట ఉన్నప్పుడు అడుగున దాస్తే, అది పైకొచ్చేసరికి ఎవరి వంతో మీకే తెలియదు.

ఒక్క చోట మాత్రం పైన పెట్టడం అంటే ఉరి తీసుకోవడమే. మీ మీద అటాక్ పడింది, రెండు వంతులు ఆడాలి. మొదటి దానిలోనే పిల్లి వచ్చింది, డిఫ్యూజ్ వేశారు. పక్కవాళ్ల మీది కోపంతో పిల్లిని పైన పెడితే, రెండో వంతు కూడా మీదే, ఆ పిల్లి మళ్లీ మీ చేతికే వస్తుంది. ఇంకా వంతు మిగిలి ఉంటే కనీసం రెండో స్థానంలో పెట్టండి. పైది మీరు తీస్తారు, పిల్లి పక్కవాళ్లకు.

లెక్క

ఈ ఆటలో గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఒకటే. కట్టలో ఉన్న పిల్లుల సంఖ్య ఎప్పుడూ బతికున్నవాళ్ల కంటే ఒకటి తక్కువ. మొదట్లో అలాగే వేశాం. ఒకరు పేలితే ఒక మనిషీ ఒక పిల్లీ కలిసే పోతారు. డిఫ్యూజ్ పడితే పిల్లి తిరిగి కట్టలోకే వస్తుంది. కాబట్టి ఆ తేడా చివరిదాకా మారదు. ఇక కావాల్సింది కట్టలో ముక్కల సంఖ్య. కట్టను లెక్కపెట్టుకోవడం రూల్స్ ప్రకారం తప్పు కాదు. వరస చెదరకుండా లెక్కపెట్టండి, అంతే.

నలుగురి ఆటలో మొదటి ముక్కకు ప్రమాదం 23లో 3, అంటే నూటికి పదమూడు. ఇద్దరి ఆటలో 35లో 1, నూటికి మూడు కూడా లేదు. ఐదుగురి ఆటలో మాత్రం 16లో 4, మొదటి ముక్క నుంచే నాలుగింట ఒక వంతు. ఐదుగురు కూర్చున్నప్పుడు ముందు జాగ్రత్తగా ముక్కలు దాచుకుందాం అనుకునేవాళ్లు వాటిని వాడకుండానే వెళ్లిపోతారు. ఇద్దరి ఆటలో దీనికి ఎదురు, మొదటి పది పదిహేను ముక్కలు స్కిప్పులూ చూడటాలూ వృథా చేస్తే చివర్లో చేతిలో ఏమీ ఉండదు.

ఒకరు పోయి ముగ్గురు మిగిలారు, కట్టలో 12 ఉన్నాయి అనుకుందాం. పిల్లులు రెండు. ఒక ముక్కకు ఆరింట ఒక వంతు. అదే మీ మీద అటాక్ పడి రెండు తీయాలంటే ప్రమాదం నూటికి ముప్పై రెండు. ఎవరూ పోకుండా కట్ట ఆరుకు తగ్గితే ఒక ముక్కకే మూడింట ఒక వంతు. మా అంచనాలో, ఆరింట ఒక వంతు వచ్చేదాకా, అందులోనూ చేతిలో డిఫ్యూజ్ ఉంటే, ధైర్యంగా తీసేయాలి. తీసిన ప్రతి ముక్కా చేతికి బలం. మొదట్లోనే స్కిప్ వేసేవాళ్లు రెండు విధాల నష్టపోతారు. స్కిప్ పోయింది, రావలసిన ముక్కా రాలేదు.

ఎవరెవరు డిఫ్యూజ్ పడేశారో కూడా గమనిస్తూ ఉండాలి. మొత్తం ఆరు. ఆట మొదట్లో ప్రతి ఒక్కరి దగ్గరా ఒకటి ఉందని ఖాయం, కాబట్టి అప్పుడు మూడు పిల్లులు వేసి డిఫ్యూజ్ అడిగితే తప్పకుండా వస్తుంది. ఎవరైనా ఒకటి పడేశాక, లేదా వాళ్ల చేతిలోంచి ఎవరైనా ఒక ముక్క లాగాక ఆ ఖాయం పోతుంది. పడేసిన కుప్పను చూడొచ్చు. ఐదు డిఫ్యూజ్‌లు అక్కడ కనబడి, ఆరోది మీ చేతిలో ఉంటే, ఇక మీ ఇష్టం.

దేన్ని ఎప్పుడు ఖర్చుపెట్టాలి

నోప్‌ని పిల్లి జతల మీద వేసేయకండి. దానికి సరైన చోటు స్కిప్ మీద. ఎదుటివాళ్లు సీ ద ఫ్యూచర్ వేసి చూసి, వెంటనే స్కిప్ వేశారంటే పైన పిల్లి ఉందనే అర్థం. ఆ స్కిప్‌ను ఆపితే వాళ్లు ఇంకోటి వేయాలి, లేదా తీయాలి. రెండో మంచి చోటు, మీ డిఫ్యూజ్ కోసం మూడు ముక్కలు వేసినప్పుడు. ఫేవర్ మీద నోప్ వేయడం దాదాపు ఎప్పుడూ దండగే, ఎందుకంటే ఏది ఇవ్వాలో మీరే ఎంచుకుంటారు. చేతిలో మరీ రెండు ముక్కలే ఉంటే తప్ప ఒక పనికిరాని పిల్లి ఇచ్చి ఊరుకోండి.

అందుకే ఫేవర్ వేసేటప్పుడు చేతిలో తక్కువ ముక్కలున్నవాళ్లను అడగాలి. పది ముక్కలున్నవాళ్లు గడ్డం పిల్లిని ఇస్తారు. రెండే ఉన్నవాళ్లు ఇచ్చేది ఏదైనా పనికొస్తుంది. జత వేసి లాగేటప్పుడూ అంతే. మూడు ముక్కల్లో ఒకటి డిఫ్యూజ్ అని తెలిస్తే మూడింట ఒక వంతు అవకాశం, తొమ్మిది ముక్కలైతే తొమ్మిదింట ఒకటి.

షఫుల్‌ను ఉత్తపుణ్యానికి వేయకూడదు. ఎవరికీ ఏమీ తెలియని కట్టను కలిపితే అదీ తెలియని కట్టే. మీ ముందువాళ్లు ఇప్పుడే డిఫ్యూజ్ వేసి కట్ట మీ వైపు జరిపి ఎటో చూస్తున్నారా? అప్పుడు వేయండి. ఖాయంగా వచ్చే పిల్లిని ఆరింట ఒకటికో ఎనిమిదింట ఒకటికో తెచ్చినట్టు.

చేతిలో డిఫ్యూజ్ ఎక్కడుందో వేలితో, కంటితో చూపించకండి. కొత్తగా వచ్చిన డిఫ్యూజ్‌ను ఎప్పుడూ కుడి చివర పెట్టుకునే అలవాటుంటే, రెండో ఆటకల్లా అందరూ కుడి చివరిదే లాగుతారు. ఎవరైనా లాగబోతే ముందు ఒకసారి చేతి ముక్కలు కలపండి.

చివరి ఇద్దరు

ఇద్దరు మిగిలాక కట్టలో ఒకే పిల్లి. ఇక్కడ సరి, బేసి లెక్క అన్నిటినీ శాసిస్తుంది. ఒక సందర్భం చూద్దాం. మీ వంతు. కట్టలో 9 ముక్కలు. సీ ద ఫ్యూచర్ వేస్తే పిల్లి మూడో స్థానంలో కనబడింది. మీ చేతిలో ఒక స్కిప్, ఒక అటాక్ ఉన్నాయి, డిఫ్యూజ్ లేదు.

ఏమీ వేయకుండా తీస్తూ పోతే మొదటిది మీరు, రెండోది ఎదుటివాళ్లు, మూడోది, పిల్లి, మీకు. ఇప్పుడే అటాక్ వేస్తే ఏమవుతుంది? ఎదుటివాళ్లు రెండు తీస్తారు, రెండూ మంచివే, మూడోది మళ్లీ మీకే. అటాక్ పోయి, ఎదుటివాళ్ల చేతిలో రెండు కొత్త ముక్కలు చేరి, పిల్లి మీ ముందు కూర్చుంటుంది. స్కిప్ వేస్తే మొదటిది వాళ్లకు, రెండోది మీకు, పిల్లి వాళ్లకు. ఇది నయం. ఇంకా మేలైన దారి ఉంది. మొదటిది మామూలుగా తీసేయండి. రెండోది వాళ్లు తీస్తారు. ఇప్పుడు పిల్లి పైన ఉంది, వంతు మీది. అప్పుడు అటాక్ వేయండి. వాళ్లు రెండు వంతులు ఆడాలి, ఒక్క స్కిప్‌తో తప్పించుకోలేరు, రెండు కావాలి. మీ స్కిప్ ఇంకా చేతిలోనే ఉంది, అటాక్‌కు నోప్ పడితే దాన్ని వేయొచ్చు. ముందే స్కిప్ వేసే దారిలో రెండో రక్షణ ఉండదనే చెప్పలేం, కానీ పిల్లి పైకొచ్చిన క్షణంలో అటాక్ వేయడానికి సాటి వచ్చే ఎత్తు లేదు. ఎదుటివాళ్ల దగ్గర షఫుల్ గానీ ఇంకో అటాక్ గానీ ఉంటే మాత్రం ఇదంతా తలకిందులు. అందుకే షఫుల్‌లు నాలుగూ, మిగతా అటాక్‌లు మూడూ పడ్డాయా లేదా అని కుప్పలో ఒకసారి చూసుకోవాలి.

ఇద్దరే ఉన్నప్పుడు మీరు డిఫ్యూజ్ వేసి దాస్తుంటే బేసి స్థానాలు ఎదుటివాళ్లవి, సరి స్థానాలు మీవి. ఎదుటివాళ్ల దగ్గర స్కిప్ ఉందని తెలిస్తే తిరగేయండి. వాళ్లు స్కిప్ వేసిన క్షణం నుంచి బేసి, సరి మారిపోతాయి.

మొదటి నుంచీ ఇద్దరే ఆడుతుంటే ఆట సాగతీతగా అనిపిస్తుంది. పంచాక, పిల్లినీ డిఫ్యూజ్‌లనూ కలపక ముందు, మిగిలిన 32 ముక్కల్లో పది తీసి చూడకుండా పెట్టెలో పడేయండి. కట్ట 25కు దిగుతుంది, ఏ ముక్క ఆటలో లేదో తెలియకపోవడం వల్ల లెక్క కొంచెం బిగుస్తుంది.

పెట్టె లేకపోతే పేకముక్కలతో

మామూలు పేకకట్టలో 52 ముక్కలు, నాలుగు జోకర్లు కలిపితే 56. ఇది చక్కగా సరిపోతుంది.

జోకర్లు పేలే పిల్లులు. ఆసులు నాలుగు, ఎర్ర రెళ్లు రెండు, అంటే ఆటీను రెండు, డైమండ్ రెండు, కలిపి ఆరు డిఫ్యూజ్‌లు. రాజులు అటాక్, రాణులు స్కిప్, జాకీలు ఫేవర్, పదులు షఫుల్. తొమ్మిదులతో పాటు ఇస్పేటు రెండు సీ ద ఫ్యూచర్. ఎనిమిదులతో పాటు కళావరు రెండు నోప్. ఏడు, ఆరు, ఐదు, నాలుగు, మూడు ఐదు రకాల పిల్లులు. ఒక కాగితం మీద ఇది రాసి బల్ల మధ్యలో పెడితే రెండో ఆటకు ఎవరికీ అవసరం ఉండదు. జతలు చూసేటప్పుడు అంకె కాదు, పని చూడాలి. ఇస్పేటు రెండూ తొమ్మిదీ జతే, ఇస్పేటు రెండూ కళావరు రెండూ జత కాదు.

చాలా కట్టల్లో జోకర్లు రెండే ఉంటాయి. వాటితో ముగ్గురి దాకా ఆడొచ్చు. నలుగురికి మూడు, ఐదుగురికి నాలుగు కావాలి, అదే కంపెనీ, అదే వెనక రంగు ఉన్న రెండో కట్టలోంచి తెచ్చుకోండి. రమ్మీ ఆడే ఇళ్లలో రెండు కట్టలు ఎలాగూ ఉంటాయి, కానీ ఒకటి ఎరుపూ ఒకటి నీలమూ అయితే పనికిరాదు. రమ్మీకి వాడి వాడి మెత్తబడ్డ కట్టలో కొత్త జోకర్లు కలిపినా అంతే, తెల్లగా మెరుస్తూ కనబడిపోతాయి.

పిల్లలతో ఆడేటప్పుడు

అసలు ముక్కల మీద ఇంగ్లిషు రాత ఉంటుంది. చదవలేని పిల్లలకూ, పెద్దవాళ్లకూ ముక్క బొమ్మ, దాని పని ఒక్క మాటలో రాసిన చీటీ ఇవ్వండి. వాళ్ల చేయి చూపించమని అడిగితే ఆట చెడుతుంది. చిన్నపిల్లలతో మొదటిసారి ఆడుతుంటే నోప్‌లు ఐదూ తీసేయండి. తాము వేసింది చెల్లదనడం వాళ్లు తట్టుకోలేరు, మిగతాదంతా ఇట్టే పట్టేస్తారు. నోప్‌లు తీసేస్తే కట్ట ఐదు తగ్గుతుంది, పిల్లుల సంఖ్య మాత్రం అంతే ఉంటుంది. అంటే ప్రమాదం పెరుగుతుంది. ఐదుగురు ఉంటే ఇలా చేయకండి, 11 ముక్కల్లో 4 పిల్లులవుతాయి. ముందే పేలిపోయిన పిల్లవాడికి కట్ట చూసుకునే పని, షఫుల్ పడినప్పుడు కలిపే పని అప్పగిస్తే అలగకుండా కూర్చుంటాడు.

ముక్కల మూలలు గమనిస్తూ ఉండండి. ఈ ఆటలో పిల్లి ముక్క పదేపదే కట్ట మధ్యలోకి దోపబడుతుంది, కాబట్టి అన్నిటికంటే ముందు దాని అంచులే నలుగుతాయి. నలిగిన అంచు బోర్లా ఉన్నా కనబడుతుంది. కట్టకు పక్కనుంచి చూస్తే పిల్లి ఎన్నో స్థానంలో ఉందో చెప్పగలిగే పరిస్థితి వస్తే, 56కీ వెనకవైపు ఒకే రంగుండే ప్లాస్టిక్ తొడుగులు వేయండి. పిల్లులకు మాత్రమే వేస్తే అదే గుర్తయిపోతుంది. తొడుగులు దొరక్కపోతే, వాడకుండా పెట్టెలో ఉండిపోయే పిల్లిని ప్రతి ఆటకూ మారుస్తూ ఉండండి, నాలుగూ ఒకేలా అరుగుతాయి.